రోజూ పీల్చాలా, ఆయాసం వచ్చినప్పుడేనా? పిల్లల స్టెరాయిడ్ ఇన్‌హేలర్ల గురించి నేను తెలుసుకున్నది

ఈ మధ్య పాప స్కూల్లో తల్లులు, మా చుట్టాల్లో ఒకరిద్దరు నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "మావాడికి డాక్టరుగారు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రాశారు, వాడమంటావా?" అని. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదిది, పైగా నేను డాక్టర్ని కాదు. కానీ మా పాపకి (ఇప్పుడు ఎనిమిదేళ్లు) చిన్నపాటి ఉబ్బసం ఉందని తెలిసిన దగ్గర్నుంచి ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతూ, విజయవాడ వెళ్లినప్పుడల్లా పిల్లల ఊపిరితిత్తుల డాక్టరుగారిని విసిగించి మరీ అడుగుతూ కొంత పోగేసుకున్నాను. అది రాస్తున్నాను. మీ పిల్లల మందు మాత్రం మీ డాక్టరే నిర్ణయించాలి, ఆయన్ని ఏం అడగాలో తెలియడానికి ఇది పనికొస్తే చాలు.

ముందు మన ఇళ్లలో మొదటి మాట ఎలా వస్తుందో చెప్తాను. ఇన్‌హేలర్ అనగానే మా అత్తయ్య, "పసిపిల్లకి స్టెరాయిడ్లా? పంపు ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుందమ్మా, జీవితాంతం వదలదు" అన్నారు. ఆవిడ ప్రేమ కొద్దీ అన్న మాట అది, కోపం తెచ్చుకునేది కాదు. మా ఆయనకీ అదే టెన్షన్. అందుకని ఏడాదిపాటు సిరప్‌లు, ఆయాసం వస్తే క్లినిక్‌లో నెబ్యులైజర్ పెట్టించడం, ఇంటికి రావడం, ఇదే తంతు. మృగశిర కార్తెకి హైదరాబాద్ తీసుకెళ్లి చేప మందు వేయిద్దామని కూడా ఒక మాట వచ్చింది. వెళ్లలేదు.

తర్వాత తెలిసిన సంగతి ఏంటంటే, ఆయాసం ఎక్కువైన ప్రతిసారీ ఆ క్లినిక్‌లో రాసిచ్చిన సిరప్‌లో ఉన్నది ప్రెడ్నిసొలోన్, అంటే అది కూడా స్టెరాయిడే! ఎవరూ చెప్పలేదు. ఇంట్లో అందరూ ఇన్‌హేలర్‌లోని స్టెరాయిడ్‌కి భయపడి, దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ స్టెరాయిడ్‌ని చెంచాతో తాగిస్తున్నామన్నమాట. లెక్క వేసి చూడండి. 20 కిలోల పిల్లకి కిలోకి 1 మిల్లీగ్రాము చొప్పున రోజుకి 20 మిల్లీగ్రాములు, 5 రోజులకి 100 మిల్లీగ్రాములు. మైక్రోగ్రాముల్లో చెప్పాలంటే లక్ష. 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకి బ్యూడెసొనైడ్ అనే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తక్కువ డోసు రోజుకి 100 నుంచి 200 మైక్రోగ్రాములు. 200 చొప్పున పీల్చినా ఆ లక్షకి చేరడానికి 500 రోజులు పడుతుంది. ఈ రెండు మందుల బలం ఒకటి కాదు కాబట్టి గ్రాముకి గ్రాము సమానమని అనుకోకూడదు, ఆ మాట డాక్టరుగారు గట్టిగా చెప్పారు. కానీ సిరప్ ఒళ్లంతా తిరుగుతుంది, పీల్చిన మందు ఎక్కువగా పని చేయాల్సిన చోటే పని చేస్తుంది. ఆయాసం బాగా ముదిరినప్పుడు ఆ సిరప్ ప్రాణం కాపాడే మందు, దాన్ని తక్కువ చేయడం లేదు. దాని అవసరం మాటిమాటికీ రాకుండా చూసుకోవడమే ఇన్‌హేలర్ పని.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆస్థాలిన్ (దీంట్లో ఉన్న మందు పేరు సాల్బ్యుటమాల్), లెవోలిన్ లాంటివి స్టెరాయిడ్లు కావు. అవి ఊపిరి గొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తాయి, నిమిషాల్లో హాయిగా ఉంటుంది, నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేస్తాయి. గొట్టం లోపలి గోడ వాపు, కళ్లె మాత్రం వాటితో తగ్గవు. వాపు తగ్గించేది స్టెరాయిడ్, అయితే దాని ఫలితం తెలియడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. వాపుని వదిలేసి ఆస్థాలిన్ ఒక్కటే కొట్టుకుంటూ పోవడమంటే ఇంటి పైకప్పు కారుతుంటే కింద గిన్నె పెట్టి ఊరుకోవడం లాంటిది. చాలామంది ఇళ్లలో జరిగేది ఇదే, ఎందుకంటే ఆస్థాలిన్ వెంటనే పనిచేస్తుంది, స్టెరాయిడ్ పనిచేస్తున్నట్టు కంటికి కనబడదు, నాలుగు రోజులు కొట్టి "దీంతో ఏమీ లేదు" అని పక్కన పెట్టేస్తారు.

సరే, స్టెరాయిడ్ వాడాలి అనుకున్నాక అసలు ప్రశ్న వస్తుంది. తక్కువ తీవ్రత ఉన్న పిల్లలకి రోజూ వాడాలా, దగ్గు ఆయాసం వచ్చినప్పుడు మాత్రం వాడితే సరిపోతుందా? దీనికి జవాబు వెతుకుతుంటే నాకు అన్నిటికంటే ఉపయోగపడింది 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ట్రెక్సా అనే అమెరికా అధ్యయనం. 5 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలు 288 మంది, అందరికీ తక్కువ తీవ్రత ఉబ్బసమే, తక్కువ డోసుతో అదుపులో ఉన్నవాళ్లే. వాళ్లని నాలుగు గుంపులు చేసి 44 వారాలు చూశారు. ఒక గుంపుకి బెక్లోమెథసోన్ అనే పీల్చే స్టెరాయిడ్ రోజూ రెండు పూటలా. ఒక గుంపుకి రోజూ ఏమీ లేదు, ఆయాసం వచ్చి సాల్బ్యుటమాల్ కొట్టినప్పుడల్లా దానితోపాటు బెక్లోమెథసోన్ కూడా. ఒక గుంపుకి ఈ రెండు పద్ధతులూ కలిపి. చివరి గుంపుకి స్టెరాయిడ్ అసలు లేదు, సాల్బ్యుటమాల్ ఒక్కటే.

స్టెరాయిడ్ లేని గుంపులో 49 శాతం మందికి ప్రెడ్నిసొలోన్ లాంటిది వాడాల్సినంత ఆయాసం వచ్చింది. రోజూ వాడినవాళ్లలో 28 శాతం. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే సాల్బ్యుటమాల్‌తోపాటు స్టెరాయిడ్ కొట్టినవాళ్లలో 35 శాతం. నాలుగో గుంపు కంటే రోజూ వాడిన గుంపు స్పష్టంగా మెరుగు, అవసరానికి వాడిన గుంపులో తేడా కనబడుతుంది గానీ లెక్కల ప్రకారం కచ్చితంగా నిలిచేంత గట్టిది కాదు. కానీ అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. రోజూ వాడిన పిల్లలు, స్టెరాయిడ్ లేని పిల్లల కంటే సగటున 1.1 సెంటీమీటరు తక్కువ ఎదిగారు. అవసరానికి మాత్రమే వాడినవాళ్లలో ఆ తగ్గుదల లేదు.

ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూశాకే నాకు విషయం అర్థమైంది. రోజూ వాడితే రక్షణ ఎక్కువ, ఎత్తులో కొంచెం ఖర్చు. అవసరానికి వాడితే ఖర్చు లేదు, రక్షణ కాస్త తక్కువ. అసలు స్టెరాయిడ్ లేకుండా ఆస్థాలిన్ ఒక్కటే వాడటం ఈ మొత్తంలో అన్నిటికంటే నాసిరకం దారి, నా అభిప్రాయంలో దాని గురించి ఇంకా ఆలోచించాల్సింది లేదు.

ఎత్తు సంగతి మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే ఆడపిల్ల అనగానే అందరూ మొదట అడిగేది అదే. "ఏం ఫర్వాలేదు, ఎత్తు తగ్గదు" అని కొంతమంది కొట్టిపారేస్తారు, అది నిజం కాదు. "పిల్ల గిడసబారిపోతుంది" అని భయపెట్టేవాళ్లు ఇంకో వైపు, అదీ నిజం కాదు. అమెరికా, కెనడాల్లో క్యాంప్ అనే పెద్ద అధ్యయనం జరిగింది, 5 నుంచి 12 ఏళ్ల పిల్లలు 1,041 మంది, బ్యూడెసొనైడ్ వాడినవాళ్లకి రోజుకి రెండుసార్లు 200 మైక్రోగ్రాముల చొప్పున, నాలుగు నుంచి ఆరేళ్లపాటు. ఆ పిల్లలు పెద్దయ్యాక మళ్లీ కొలిచి 2012లో ఫలితం ప్రకటించారు. బ్యూడెసొనైడ్ వాడినవాళ్ల ఎత్తు సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ. 172.3 సెంటీమీటర్లు ఉండాల్సింది 171.1 అయిందన్నమాట. తేడా నిజం, పెద్దయ్యాక కూడా అలాగే ఉంది, కానీ ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతూ పోలేదు, చాలావరకు మొదటి ఏడాది రెండేళ్లలోనే వచ్చింది. పైగా మా పాప డోసు ఆ అధ్యయనంలో ఇచ్చినదాంట్లో సగమే. నేను వేలితో గోడ మీద 1.2 సెంటీమీటర్లు కొలిచి అత్తయ్యకి చూపించాను. "ఇంతేనా?" అన్నారు. రాత్రుళ్లు డొక్కలెగరేస్తూ పిల్ల పడే అవస్థ ఆవిడకి మా అందరికంటే బాగా తెలుసు, పక్కలో పడుకునేది ఆవిడే.

అలవాటైపోతుందనే భయం గురించి కూడా ఒక మాట. మత్తుపదార్థంలా అలవాటయ్యే మందు కాదిది. ఆపితే దగ్గు మళ్లీ వస్తుందంటే జబ్బు ఇంకా లోపల ఉందని అర్థం. ఇక్కడ ఎదురు ప్రశ్న కూడా ఉంది, "కొన్నేళ్లు వాడితే పూర్తిగా పోతుందా?" అని. పోదు. పీక్ అనే అధ్యయనంలో రెండు మూడేళ్ల పసివాళ్లకి రెండేళ్లపాటు ఫ్లూటికసోన్ అనే పీల్చే స్టెరాయిడ్ ఇచ్చి, మూడో ఏడు ఆపి చూశారు. వాడినంతకాలం బాగున్నారు, ఆపాక మందు వాడనివాళ్లకీ వీళ్లకీ తేడా లేదు. జబ్బుని అదుపులో ఉంచుతుందే తప్ప దాని దారి మార్చదు. చాలామంది పిల్లలకి వయసుతోపాటు ఉబ్బసం తగ్గుముఖం పడుతుంది, అది మందు గొప్పతనం కాదు, ఈలోపు పిల్ల సుఖంగా ఆడుకోవడం, నిద్రపోవడం మాత్రం మందు గొప్పతనమే.

ఇక ఏ స్టెరాయిడ్ మంచిది? బుడెకార్టా (బ్యూడెసొనైడ్), ఫ్లోహేలా (ఫ్లూటికసోన్), బెక్లేటా (బెక్లోమెథసోన్)? మందుల షాపులో కూడా దీని మీద చర్చలు జరుగుతుంటాయి. నా ఉద్దేశంలో దీనికి అంత బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు, ఒక్క విషయం తప్ప. డబ్బా మీద అంకెలు చూసి పోల్చకండి. ఫ్లూటికసోన్ 50, బ్యూడెసొనైడ్ 100 ఉంటే "యాభైదే తక్కువ పవర్" అనుకుంటారు, నిజానికి ఫ్లూటికసోన్ మైక్రోగ్రాముకి మైక్రోగ్రాము రెట్టింపు బలంగా ఉంటుంది, కాబట్టి రెండూ దాదాపు ఒకటే. 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకి తక్కువ డోసు అంటే బ్యూడెసొనైడ్ పొడి రూపంలో అయితే రోజు మొత్తానికి 100 నుంచి 200, ఫ్లూటికసోన్ ప్రొపియోనేట్ అయితే 50 నుంచి 100, మామూలు బెక్లోమెథసోన్ 100 నుంచి 200. పీల్చేటప్పుడు కడుపులోకి పోయిన భాగాన్ని కాలేయం విరగ్గొట్టేయడంలో ఫ్లూటికసోన్, బ్యూడెసొనైడ్‌లకి బెక్లోమెథసోన్ కంటే కొంచెం మెరుగైన పేరుంది. అంతకు మించి తక్కువ డోసుల్లో వీటి మధ్య తేడా కోసం డాక్టర్లని మార్చక్కర్లేదు.

ఉబ్బసానికే ఇచ్చే, స్టెరాయిడ్ కాని మాంటెలుకాస్ట్ మాత్ర గురించి కూడా అడుగుతారు, నమిలే మాత్ర కదా, పంపు గొడవ ఉండదు అని. 2007లో వచ్చిన ప్యాక్ట్ అధ్యయనంలో ఈ మాత్రనీ, పీల్చే ఫ్లూటికసోన్‌నీ పోల్చారు. ఉబ్బసం అదుపులో ఉన్న రోజులు ఫ్లూటికసోన్ వాడిన పిల్లల్లో 64 శాతం, మాంటెలుకాస్ట్ వాడినవాళ్లలో 52 శాతం పైచిలుకు. ఇంకో సంగతి, ఆ మాత్రతో కొందరిలో పీడకలలు, చిరాకు, దిగులు, ఇంకా తీవ్రమైన మానసిక ఇబ్బందులు రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020 మార్చిలో తన అత్యంత గట్టి హెచ్చరికని పెట్టించింది. వాడుతున్నవాళ్లు ఈ పోస్ట్ చదివి తటాలున ఆపేయకండి, పిల్ల నిద్ర, మూడ్ ఎలా ఉన్నాయో చూసుకుని డాక్టర్‌తో మాట్లాడండి.

మందు పేరు కంటే ఎన్నో రెట్లు తేడా తెచ్చేది కొట్టే పద్ధతి. స్పేసర్ (డబ్బాకీ నోటికీ మధ్య తగిలించే ప్లాస్టిక్ గొట్టం) లేకుండా నోట్లో నేరుగా పఫ్ కొడితే మందు చాలావరకు నాలుక మీదా గొంతులోనే ఆగిపోతుంది. మా పాప క్లాసులో ఇంకో పిల్లాడికి అలాగే నెలల తరబడి కొట్టి, "ఏం తగ్గలేదు" అని డోసు పెంచమని అడగబోయారు వాళ్లమ్మ. డబ్బా బాగా ఊపాలి, స్పేసర్‌కి తగిలించాలి, ఒకసారికి ఒక్క పఫ్ మాత్రమే, మామూలుగా ఐదారు సార్లు ఊపిరి తీసుకోవాలి, కాస్త ఆగి రెండో పఫ్. చిన్నపిల్లలకి మాస్క్, అది మొహానికి సందు లేకుండా ఆనాలి, ఏడుస్తుంటే మందు లోపలికి సరిగా పోదు. నాలుగైదేళ్లు వచ్చి చెప్పిన మాట వింటుంటే మాస్క్ తీసేసి నోట్లో పెట్టుకునేదే మంచిది. అయ్యాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత, గొంతు బొంగురు. మేం పళ్లు తోముకునే ముందు పెట్టుకున్నాం, మర్చిపోవడం ఉండదు, పుక్కిలించడం కూడా అందులోనే అయిపోతుంది. స్పేసర్‌ని గిన్నెల సబ్బు కలిపిన నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనివ్వాలి. తుడిస్తే ప్లాస్టిక్‌కి స్టాటిక్ కరెంటు పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది.

జలుబు చేసినప్పుడు "డోసు నాలుగైదు రెట్లు కొట్టేద్దాం" అనే ఆలోచన కూడా చాలామందికి వస్తుంది, నాకూ తర్కంగానే అనిపించింది. 2018లో వచ్చిన స్టిక్స్ అధ్యయనంలో రోజూ తక్కువ డోసు వాడుతున్న 5 నుంచి 11 ఏళ్ల పిల్లలు 254 మంది మీద సరిగ్గా ఇదే చూశారు. లక్షణాలు మొదలవగానే ఐదు రెట్లు పెంచినా తీవ్రమైన ఆయాసాలు తగ్గలేదు. కాబట్టి ఇంట్లో సొంతంగా పెంచే పని పెట్టుకోకండి.

ఇప్పుడు మార్గదర్శకాలు ఏమంటున్నాయంటే, ప్రపంచమంతా డాక్టర్లు చూసే గినా నివేదిక 2019 నుంచి 12 ఏళ్లు దాటినవాళ్లకి ఒట్టి ఆస్థాలిన్ తరహా మందు ఒక్కటే వాడొద్దని చెప్తోంది. 6 నుంచి 11 ఏళ్ల వాళ్లలో నెలకి రెండుసార్ల కంటే తక్కువ లక్షణాలు ఉంటే ఆస్థాలిన్ కొట్టినప్పుడల్లా తక్కువ డోసు స్టెరాయిడ్ కూడా, అంతకు మించి ఉంటే రోజూ తక్కువ డోసు. ఈ మధ్య 2025లో న్యూజిలాండ్ నుంచి కేర్ అనే అధ్యయనం వచ్చింది. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో, అవసరమైనప్పుడు సాల్బ్యుటమాల్ వాడటం బదులు బ్యూడెసొనైడ్, ఫార్మోటెరాల్ (ఇదీ ఊపిరి గొట్టాలని వదులు చేసే మందే) కలిసిన ఒకే ఇన్‌హేలర్ వాడితే ఆయాసం ముదరడం ఏడాదికి ఒక్కో పిల్లకి సగటున 0.41 నుంచి 0.23కి తగ్గింది. ఒకే డబ్బా కాబట్టి "ఏది ముందు కొట్టాలి" అనే గందరగోళం ఉండదు. అయితే దాన్ని పోల్చింది ఒట్టి సాల్బ్యుటమాల్‌తో, రోజూ వాడే స్టెరాయిడ్‌తో కాదు, అందుకని రోజువారీది మానేసి దీనికి మారొచ్చని ఈ ఒక్క ఫలితం చూసి అనేయలేం.

మరి మా పాపకి రోజూ వాడటమే ఎందుకు ఎంచుకున్నాం? మా ఊరే ఒక కారణం. గుంటూరులో మిర్చి సీజన్‌లో యార్డు వైపు వెళ్తే ఘాటుకి ఎవరికైనా దగ్గు వస్తుంది, ఈ పిల్లకి మాత్రం ఆ దగ్గు రాత్రంతా ఆగదు. అది అయ్యేసరికి ఎండల దుమ్ము, తర్వాత బడి తెరిచాక జలుబులు, దీపావళి పొగ, ధనుర్మాసంలో తెల్లవారుజామున మంచు, చెత్త మంటలు. ఏడాదిలో ప్రశాంతంగా ఉండే నెలలు తక్కువ. పిల్లికూతలు వారంలో రెండు మూడు రాత్రులు వినబడేవి. అవసరానికి వాడే పద్ధతి ఎవరికి బాగా నప్పుతుందంటే, ఎప్పుడో జలుబు చేసినప్పుడు తప్ప మిగతా రోజులు పూర్తిగా బాగుండే పిల్లలకి, ఆయాసం మొదలవగానే పసిగట్టే పెద్దవాళ్లు ఎప్పుడూ పక్కన ఉండే ఇళ్లకి. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, అత్తయ్యకి ఏ డబ్బా ఎప్పుడో గుర్తుంచుకోవడం కష్టం. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అంటే ఆవిడే చక్కగా కొట్టిస్తారు.

ఇంకో ఇంట్లో లెక్క ఇంకోలా ఉంటుంది. మా చెల్లెలు విజయవాడ పటమటలో ఉంటుంది, వాళ్లవాడికి ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తుంది, వాడికి డాక్టరుగారు ఆస్థాలిన్‌తోపాటు స్టెరాయిడ్ పఫ్, అవసరమైనప్పుడే, అని రాశారు. నాకది సరైన నిర్ణయమే అనిపిస్తుంది.

ఒక్క హెచ్చరిక. ఏ పద్ధతిలో ఉన్నా సరే, మాట పూర్తి చేయలేకపోతుంటే, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతుంటే, పెదాలు నీలంగా మారుతుంటే, ఆస్థాలిన్ కొట్టినా గంట కూడా నిలవకపోతుంటే ఇంట్లో లెక్కలు వేసుకుంటూ కూర్చోకండి, ఆస్పత్రికి వెళ్లండి. దారిలో కూడా స్పేసర్‌తో కొడుతూనే ఉండండి.

పాప ఇప్పుడు చాలావరకు అదుపులో ఉంది. మూడు నెలలు వరసగా బాగుంటే డోసు తగ్గించే ఆలోచన చేయొచ్చంటారు, కాకపోతే జలుబుల కాలంలోనో ప్రయాణాల ముందో మొదలుపెట్టకూడదు. మా డాక్టరుగారు వేసవి సెలవుల్లో చూద్దామన్నారు, అప్పుడు బడి జలుబులు ఉండవు, పిల్ల కళ్లముందే ఉంటుంది. రెండు పూటల నుంచి ఒక పూటకి తగ్గించడమా, ట్రెక్సాలో లాగా అవసరానికి మారడమా అని ఈసారి అడగబోతున్నాను. అందుకోసం రాత్రి దగ్గు వచ్చిన రోజులు, ఆస్థాలిన్ వాడిన రోజులు, మూడు నెలలకోసారి ఎత్తు, ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసిపెడుతున్నాను. మీరూ రాసిపెట్టుకుని వెళ్లండి. "ఎలా ఉంది?" అని డాక్టర్ అడిగితే "పర్లేదండీ" అని ఊరుకునే బదులు ఆ కాగితం ముందు పెడితే, రోజూ వాడాలా వద్దా అనేది అక్కడే తేలుతుంది.